పసుపు డ్రమ్ము, ముత్తెన్న గాబర

ముత్తెన్న ఎడమ చేత్తో డ్రమ్ము తలుపు ఎత్తిపట్టి, కుడి చేత్తో ఎండు పసుపును లోపలికి తోస్తున్నాడు. డ్రమ్ము సగానికి కొంచెం పైదాకా నిండగానే ఆపి, మోచేతి వరకు చెయ్యి దూర్చి కొమ్ములను కలియదిప్పాడు. ఎక్కువ పోస్తే కొమ్ములు ఒకదానికొకటి రాసుకునే చోటుండదు. తక్కువ పోస్తే ఎగిరిపడి విరుగుతాయి. ఎంత పోయాలో అతనికి ఎవరూ నేర్పలేదు. కొత్తలో విరిగిన కొమ్ములు ఏరి ఏరి ఆ లెక్క చేతికే తెలిసింది. తలుపు మూసి గొళ్లెం పెట్టి, గొళ్లేనికి తాడు చుట్టి, తన వైపు పిడి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అవతలి పిడి దగ్గర బామ్మర్ది ఎంకటి అప్పటికే అరచేతులకు మట్టి రాసుకుని సిద్ధంగా ఉన్నాడు.

ఎనభై ఎనిమిది ఎండాకాలం అది. ఆర్మూర్ మార్కెట్ యార్డు వెనక గంగాకిషన్‌కు ఒక రేకుల షెడ్డు ఉండేది. మోటారుతో తిరిగే డ్రమ్ములు ఇంకా రాలేదు. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు మీద బూడిదరంగు పొట్టు, వెంట్రుకల్లాంటి వేర్లు ఉంటాయి. అలాగే మార్కెట్‌కు తీసుకుపోతే కొనేవాడు చేత్తో కూడా ముట్టడు. అందుకే రైతులు దాన్ని షెడ్డుకు తెచ్చి పాలిష్ పట్టించేవాళ్లు. ఇనుప తీగల జల్లి చుట్టిన పీపా లాంటి డ్రమ్ము, మధ్యలో ఇరుసు, ఇరుసు రెండు కొసలకు రెండు పిడులు. ఒకరు చేతుల బరువుతో కిందికి తొక్కినప్పుడు రెండోవారు పైకి లేపాలి. పొట్టు జల్లిలోంచి కిందికి రాలుతుంది, కొమ్ములు లోపల రంగు తేలుతాయి.

ఈ పనిలో బలం కంటే జత ముఖ్యం. నిండు డ్రమ్ము ఊపందుకున్నాక దాన్ని ఎవరూ ఒక్కసారిగా ఆపలేరు. కొత్తగా వచ్చినవాళ్లు ఆపాలనగానే పిడిని గట్టిగా బిగించి పట్టుకుంటారు. అప్పుడు మణికట్టు మెలిపడుతుంది, లేదంటే భుజం జారుతుంది. ముత్తెన్న అలా పట్టుకోడు. తొక్కడం మానేసి, అరచేతిని పిడి మీద ఊరికే ఆనించి దానితో పాటే తిప్పుతాడు. డ్రమ్ము తన బరువుకు తానే నెమ్మదిస్తుంది. ఏర్గట్ల నుంచి కూలికి వచ్చిన మనిషి, ఆ ఒక్క పనితనంతోనే షెడ్డులో నిలబడ్డాడు.

ఆ రోజు రెండో వాయి నడుస్తోంది. ఎంకటి తన అక్క, అంటే ముత్తెన్న భార్య నీలవ్వ, బీడీలు చుట్టుకుంటూ పొయ్యి మీద పప్పు మాడబెట్టిన సంగతి చెప్పి నవ్వుతున్నాడు. ముత్తెన్న కూడా నవ్వుతున్నాడు. రాత్రి నిద్ర సరిగ్గానే పట్టింది, పొద్దున జొన్న గట్కె కడుపునిండా తాగాడు. ఏ దిగులూ లేదు.

బావిలోకి దిగుతుంటే కాలికి మెట్టు దొరకనట్టు, ఛాతీలో ఏదో జారింది. వెంటనే గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది. అది కొట్టుకోవడంలా లేదు, లోపల ఎవరో తప్పించుకోవడానికి తలుపు బాదుతున్నట్టుంది. గాలి పీలుస్తున్నాడు కాని అది గొంతు దాటి దిగడం లేదు. పెదవులకు తిమ్మిరెక్కింది. పిడి మీద ఉన్న చేతులు వేరేవాళ్లవిలా కనిపించాయి. ఎంకటి మాటలు ఎక్కడో గోడ అవతల వినబడుతున్నాయి. సచ్చిపోతున్న, గిప్పుడే, గీ షెడ్డులనే, అనుకున్నాడు. ఆ మాట తప్ప తలలో ఇంకేమీ లేదు.

పిడి వదిలేసి బయటికి ఉరికాడు.

అతను వదలగానే, ఎంకటి ఒక్కడి బలానికి పైకి లేవక, లోపలి బరువు ఒక పక్కకు కూలి డ్రమ్ము వెనక్కి తిరిగింది. ఎంకటి వైపు పిడి ఎదురొచ్చి అతని మణికట్టు మీద తగిలింది. ఎంకటి అరుపు ముత్తెన్నకు వినబడింది కాని వెనక్కి తిరగలేకపోయాడు. షెడ్డు గోడ పక్కన కూలబడి, ఎదురుగా సిద్ధులగుట్ట మీది నల్లరాళ్లను చూస్తూ కూర్చున్నాడు. పొట్టు జల్లెడ పట్టే లింగవ్వ చెంబుతో నీళ్లు తెచ్చేసరికి ఒళ్లంతా చెమటతో తడిసింది. అంతలోనే, వచ్చినట్టే అది పోయింది కూడా. చేతులు మళ్లీ తనవయ్యాయి.

ఎంకటి వాచిన చెయ్యి పట్టుకుని బయటికొచ్చాడు.

"పొద్దుగాల్నే కల్లు తాగినవా బావా?"

చిన్నప్పుడు ఏర్గట్లలో ఒకతన్ని మతి తప్పిందని ఇంటివాళ్లు గుంజకు కట్టేయడం ముత్తెన్న చూశాడు. ఊరికే భయమేసి ఉరికిన అంటే తనను కూడా ఆ లెక్కలోనే చూస్తారనుకున్నాడు. తాగినవాణ్ని నాలుగు తిట్టి మాఫ్ చేస్తారు. అందుకే తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడమే అవునన్న జవాబైంది.

గంగాకిషన్ తిట్టలేదు. ఎంకటి చెయ్యి బాగయ్యేదాకా వేరేవాళ్లు తిప్పుతారని, ముత్తెన్న మాత్రం ఇక పిడి ముట్టొద్దని, కావాలంటే లింగవ్వ దగ్గర కూర్చుని జల్లెడ పట్టమని చెప్పాడు. తాగేవాడికి డ్రమ్ము ఇస్తే ఎవరి చెయ్యో పోతుందన్నాడు. ముత్తెన్నకు బాధ కంటే ముందు కలిగింది ఊరట. పిడి దగ్గరికి పోవక్కర్లేదు. కాసేపటికి ఆ ఊరటే అతన్ని భయపెట్టింది. పిడి లేకపోతే ఆర్మూర్‌లో తాను ఎవరు?

అది ఒక్కసారితో పోలేదు. అంగట్లో ఉప్పు కొంటుంటే వచ్చింది. మంగలి దుకాణంలో మెడకు కత్తి ఆనించినప్పుడు వచ్చింది, సగం గడ్డంతోనే లేచి వచ్చేశాడు. రాని రోజు కూడా వస్తుందేమోనని రోజంతా లోపలికి చెవి పెట్టుకుని ఉండేవాడు. ఎక్కడికి పోయినా ముందు తలుపు ఎటుందో చూసుకునేవాడు. నడుస్తూ నడుస్తూ ఆగి మణికట్టు మీద వేలు పెట్టి నాడి చూసుకునేవాడు. వేగంగా ఉందనిపిస్తే ఇంకా వేగమయ్యేది.

పసుపు దుమ్మే లోపలికి పోయి ఇలా చేస్తోందని కొన్నాళ్లు నమ్మాడు. తడి తువ్వాల ముక్కుకు, నోటికి బిగించి కట్టుకుని కూర్చున్నాడు. తడిబట్టలోంచి గాలి ఆడక ఆ పూట మరీ ఎక్కువైంది. తువ్వాలను చింపినట్టు లాగి పారేశాడు. తాయెత్తు కట్టించుకున్నాడు. ఎలాగూ పేరు పడింది కదా అని నిజంగానే కల్లు తాగి చూశాడు. ఆ సాయంత్రం హాయిగా గడిచింది. తెల్లవారి లేచేసరికి మునుపటికి రెట్టింపు దడ.

చివరికి నిజామాబాద్ పోయి దవాఖానలో గుండెకు ఈసీజీ పట్టీ తీయించుకున్నాడు. డాక్టరు చూసి గుండె మంచిగుంది, ఏ రోగం లేదు, పో అన్నాడు. ఆ మాటకు భయం తీరాలి. తిరుగు బస్సులో అది ఇంకా పెరిగింది. గుండె చెడితే దానికో మందుంటుంది. ఏమీ చెడకుండానే ప్రాణం పోతున్నట్టుంటే, ఇక చెడింది తలకాయేనేమో. నీలవ్వ డాక్టరు ఏమన్నాడని అడిగితే ఏమీ లేదన్నాడు. ఆమె అతని నోటి దగ్గరికి వంగి వాసన చూసి లోపలికి వెళ్లిపోయింది.

లింగవ్వ జల్లెడ పట్టేది షెడ్డు మూల, వెలుతురు పడే చోట. రాలిన పొట్టులోంచి విరిగిన కొమ్ములను, చిన్న గుండ్రటి గోళలను వేరు చేసేది. నడివయసు మనిషి. నోరు గట్టిదని హమాలీలు ఆమె జోలికి పోయేవాళ్లు కాదు. ముత్తెన్న ఆమె ఎదురుగా కూర్చుని రెండో జల్లెడ పట్టేవాడు. ఒక మధ్యాహ్నం జల్లెడ ఊపుతూ ఊపుతూ ఆపేశాడు. కళ్లు తలుపు వైపు తిరిగాయి. లేవబోయాడు.

లింగవ్వ తన జల్లెడ ఆపలేదు.

"తమ్మీ, ఉరకకు. కూసో. వచ్చినదాన్ని రానియ్."

అతను విననట్టే లేచాడు.

"సచ్చిపోత అనిపిస్తుందా? పెదవులు తిమ్మిరెక్కినయా? నాకెర్క. కూసో నువ్వు. ఉడుకు చాయ్ మీద ఊదినట్టు గాలి బయటికి ఊదు. లోపటికి పీల్చుడు గాదు, ముందుగాల ఇడువు."

పెదవుల తిమ్మిరి సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఆ ఒక్క మాటకు కాళ్లు ఆగాయి. కూర్చున్నాడు. ఊదాడు. దడ తగ్గలేదు, ఇంకా పైకెక్కింది. ఇప్పుడు పోతాననుకున్నాడు. లింగవ్వ జల్లెడ సర్రు సర్రుమంటూనే ఉంది. ఎక్కినది ఒక చోట నిలిచింది. తర్వాత, అతను ఏమీ చేయకుండానే, దిగడం మొదలుపెట్టింది.

తనకు ఎలా మొదలైందో లింగవ్వ ఆ పూట చెప్పింది. నిజామాబాద్ బస్సులో నడిమధ్యలో వచ్చిందట. కండక్టరుతో కొట్లాడి బస్సు ఆపించి, దిగి, ఎండలో ఆర్మూర్ దాకా నడిచింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి బస్సెక్కలేదు. సొంత చెల్లె బిడ్డ పెండ్లికి పోలేదు, చెల్లె ఇప్పటికీ మాట్లాడదు. ఒంటికి గాలి సోకిందని వేపమండలతో కొట్టించారు. చివరికి నిజామాబాద్‌లో మనసు రోగాలు చూసే డాక్టరు దగ్గరికి పోతే, ఇది భయం రోగమని, ప్రాణం తీయదని, చానా మందికి వస్తుందని ఆయన చెప్పాడు. కొన్నాళ్లు గోళీలు వాడింది. ఇప్పుడూ అప్పుడప్పుడు వస్తుందంది.

"నీది కల్లు గాదని నాకు మొదటి దినమే ఎర్క. తాగినోడు తలుపు దిక్కు అట్ల చూడడు" అంది.

అప్పుడే చెప్పి ఉంటే తన పిడి పోయేది కాదు కదా అన్నాడు ముత్తెన్న, కొంచెం కోపంగా. నీ నోటితో నువ్వే చెప్పాల్సింది నేను చెప్తే నువ్వు ఒప్పుకునేవాడివా అని అడిగింది లింగవ్వ. అతను మళ్లీ జల్లెడ అందుకున్నాడు.

మర్నాడు భోజనాల వేళ ఆమె యార్డు గేటు దగ్గర సైకిళ్లు బాగుచేసే భూమేశ్వర్‌ను పిలుచుకొచ్చింది. భూమేశ్వర్ షార్జా పోయి ఏడాది తిరగకుండానే వాపసు వచ్చిన మనిషి. కంపెనీ మూతపడిందని అందరికీ చెప్పుకున్నాడు. ముగ్గురూ షెడ్డు వెనక ఖాళీ గోనెసంచుల మీద కూర్చున్నారు. భూమేశ్వర్ గ్రీజు చేతులు గోనెకు తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు. కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. కట్టే బిల్డింగు మీద, పరంజాపై నిలబడి ఉండగా వచ్చింది. అక్కడ ఉరకడానికి చోటు లేదు. పక్కనున్న పఠాన్ మేస్త్రీని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"ఆయన నాతోని కుస్తీ పడుతుండనుకున్నడు. వీపుల ఒక్కటి గుద్దిండు. గా దెబ్బకు సగం దిగింది."

లింగవ్వ పడీ పడీ నవ్వింది. ముత్తెన్నకు కూడా నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు లేదు. చేతులు పరాయివిలా కనిపించడం, మాటలు గోడ అవతల వినిపించడం, ఒకరు మొదలుపెడితే ఇంకొకరు పూర్తి చేస్తున్నారు. తన ఒక్కడి ఒంట్లోనే పుట్టిందనుకున్నది ఇలా ముగ్గురి నోట ఒకే తీరుగా వినబడుతుంటే వెన్నులో చలి కొంత తగ్గింది.

వచ్చినప్పుడు ఏం చేస్తావని లింగవ్వ అడిగింది.

"ఏం జేస్త అక్కా. బలమంత పెట్టి ఆపుత. పండ్లు కొరికి, పిడికిళ్లు బిగవట్టి."

"నిండు డ్రమ్మును గట్లనే ఆపుతవా?"

ముత్తెన్న తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

ఆ వారంలోనే భూమేశ్వర్ అతన్ని నిజామాబాద్‌లోని ఆ మనసు రోగాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. బస్సులో ఇద్దరూ తలుపు పక్క సీటు కోసం చూశారు, ఒక్కటే దొరికితే వంతులేసుకున్నారు. లింగవ్వ చెప్పినదే డాక్టరు ఇంకొంచెం విడమరిచాడు. ఒళ్లు పులిని చూసినప్పుడు ఎలా తయారవుతుందో, పులి లేకుండానే అలా తయారవుతుందన్నాడు. ఎంత ఎక్కినా కాసేపటికి అది దిగకుండా ఉండదన్నాడు. గోళీలు రాసిచ్చాడు, కల్లు మానమన్నాడు, భయపడ్డ పనికి దూరం జరగకుండా మెల్లమెల్లగా దగ్గరికి పొమ్మన్నాడు.

భయపడ్డ పని పిడే. దానికి ముందు ఎంకటికి నిజం చెప్పాలి. డాక్టరు కంటే, బస్సు కంటే అదే ఎక్కువ భయపెట్టింది. చెప్పాలనుకుని రెండుసార్లు దగ్గరికి పోయి, వాన సంగతి, గేదె సంగతి మాట్లాడి తిరిగొచ్చాడు. మూడోసారి పోయినప్పుడు ఎంకటి ఇరుసుకు ఆముదం పెడుతున్నాడు. మణికట్టు బాగైంది కాని బొడిపె మిగిలింది. ముత్తెన్న ఇరుసు అవతల కూర్చుని, మొహం చూడకుండా, మొదటి రోజు నుంచి జరిగినదంతా చెప్పాడు.

ఎంకటి ఆముదం గుడ్డ కింద పెట్టాడు.

"నువ్వు తాగుతున్నవని అక్కకు నేనే చెప్పిన. పాపం గామె బీడీలు ఆడికాడనే ఇడిచిపెట్టి కల్లు దుకాండ్లల్ల నిన్ను దేవులాడింది. నోరెందుకు ఇప్పలేదు బావా?"

"పిచ్చోడంటరని."

"తాగుబోతన్న గదా. గది మంచిగున్నదా?"

ఎంకటి కాసేపు ఇరుసును చేత్తో ముందుకూ వెనక్కూ ఆడించాడు. తర్వాత ఒక షరతు పెట్టాడు.

"వచ్చిందంటే వచ్చిందను. ఒక్క మాట చాలు. పిడి మాత్రం ఇడవకు. తొక్కుడు నేను చూస్కుంట."

గంగాకిషన్‌ను ఒప్పించింది ఎంకటే. దెబ్బ తిన్న చెయ్యి అతనిదే కాబట్టి గంగాకిషన్ అడ్డు చెప్పలేదు. ఇంకొకసారి జరిగితే ఇద్దరూ బయటికే అని మాత్రం అన్నాడు. ఇప్పుడు తన పిడితో పాటు ఎంకటి పిడి కూడా ముత్తెన్న చేతిలోనే ఉంది. ఇంటికి పోయి నీలవ్వకు కూడా చెప్పాడు. ఆమె బీడీ ఆకు కత్తిరిస్తూనే, కల్లు దుకాణం ముందు నిలబడితే ఎంత సిగ్గయిందో తెలుసా అని ఒక్కటే అడిగింది.

సీజన్ ఆఖర్లో అంకాపూర్ నుంచి భూపతి పసుపు తెచ్చాడు. బాగా చూసి చూసి పండించే రైతు, పనిలో అంతే పట్టింపు. మర్నాడు పొద్దున వేలానికి పెట్టాలి, ఆ సాయంత్రంలోగా పాలిష్ కావాలి. ట్రాక్టరు షెడ్డు ముందు ఆపి, దాని నీడలోనే కూర్చున్నాడు.

ముత్తెన్న డ్రమ్ము నింపి, చెయ్యి దూర్చి కలియదిప్పి, తలుపు మూసి గొళ్లేనికి తాడు చుట్టాడు. పిడి పట్టుకోగానే అరచేతులు చెమర్చాయి. మొదటి వాయి గడిచింది. రెండోది గడిచింది. ప్రతి తిప్పుకూ ఇప్పుడే, ఇప్పుడే అనుకుంటూనే తిప్పాడు. ఆఖరి వాయిలో, డ్రమ్ము మంచి ఊపు మీద ఉండగా, కాలి కింద మెట్టు జారింది.

గుండె తలుపు బాదడం మొదలుపెట్టింది. కళ్లు బయటి వెలుతురు వైపు తిరిగాయి. ట్రాక్టరు నీడలో భూపతి కనిపించాడు. నాలుగడుగులు ఉరికితే బయటపడొచ్చు. పిడి అవతల ఎంకటి మణికట్టు మీది బొడిపె కనిపించింది.

"వచ్చింది" అన్నాడు. గొంతు తనకే వినబడలేదు. మళ్లీ అన్నాడు.

"రానియ్ బావా. యాడికి వోతది" అన్నాడు ఎంకటి. తొక్కడం ఆపలేదు, తన వైపు నుంచి కొంచెం నెమ్మది చేశాడు.

మూల నుంచి లింగవ్వ గట్టిగా, చాయ్ చల్లార్చినట్టు, గాలి ఊదడం వినబడింది. ముత్తెన్న ఊదాడు. బిగుసుకున్న వేళ్లను ఒక్కొక్కటే వదులు చేసి, అరచేతిని పిడి మీద ఊరికే ఆనించాడు. పిడి పైకి లేస్తే చెయ్యి లేచింది, దిగితే దిగింది. భయం ఎక్కుతూనే ఉంది. పెదవులకు తిమ్మిరెక్కింది, చేతులు పరాయివయ్యాయి. డాక్టరు అబద్ధం చెప్పాడు, లింగవ్వది వేరే రోగం, నాది ఇదే ఆఖరు అనుకున్నాడు. అయినా పరాయి చేతులు పిడితో పాటు తిరుగుతూనే ఉన్నాయి. లోపల కొమ్ములు ఒకదాని మీద ఒకటి దొర్లే చప్పుడు వస్తూనే ఉంది.

ఆ చప్పుడు ఒక దగ్గర స్పష్టంగా వినిపించింది. గోడ అవతల నుంచి కాదు, ఇక్కడి నుంచే. అప్పుడు తెలిసింది, దిగుతోందని. చెమట కంట్లోకి కారింది, తుడుచుకోలేదు. పూర్తిగా దిగేదాకా అలాగే ఉండి, తర్వాత మెల్లగా తొక్కడం మొదలుపెట్టాడు. ఎంకటి తన వైపు నుంచి ఊపు పెంచాడు.

ఇది మళ్లీ వస్తుందని అతనికి తెలుసు. రేపో, అంగట్లోనో, బస్సులోనో. ఆ ఎరుక ఛాతీలో చల్లగా ఒక మూల కూర్చునే ఉంది.

పొట్టు రాలడం ఆగింది. లింగవ్వ రంగు ఎక్కేందుకు పసుపు కలిపిన నీళ్లు తెచ్చి జల్లి మీద నుంచి చిలకరించింది. ఇంకొన్ని చుట్లు తిప్పి వదిలేశారు. డ్రమ్ము తనంతట తాను నెమ్మదించి నిలిచింది. ముత్తెన్న తాడు విప్పి తలుపు తెరిచాడు. కొమ్ములు బంగారు రంగులో జలజలా కిందికి జారాయి. సంచులు నింపి, దబ్బనంతో మూతులు కుట్టి, ప్రతి ముడినీ పండ్లతో బిగించి తెంపాడు.

భూపతి వచ్చి, ఇంకా కుట్టని ఒక సంచిలోంచి ఒక కొమ్ము తీసి రెండుగా విరిచాడు. టక్కుమంది. విరిగిన చోట రంగు చూశాడు. ముత్తెన్న తడిసిన చొక్కా వైపు కూడా చూశాడు. "మంచిగైంది" అన్నాడు.

ముత్తెన్న ఆ సంచి మూతి కూడా కుట్టేశాడు. ఒక కొస తను, ఒక కొస ఎంకటి పట్టుకుని, సంచిని ఊపి ట్రాక్టరు ట్రాలీ ఎక్కి నిలబడ్డ భూపతి చేతికందించారు.